నాలుగు వారాల శిక్షణతోనే లారీ డ్రైవింగ్ సరిపడదని తేల్చేయవచ్చా?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర పల్లెటూరు. వయసు 22. ఇంటర్‌తో చదువు ఆపేశాను. కారు లైసెన్సు వచ్చి రెండేళ్లయింది. నాలుగు వారాలుగా హెవీ వాహనాల డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను. రివర్స్ ఇంకా కుదరడం లేదు, గేరు మార్చినప్పుడల్లా గరగరమంటోంది, నేర్పే ఆయన అందరి ముందూ తిడుతున్నారు. మొన్న మా చిన్నాన్నతో చేపల లారీలో హౌరా వెళ్లివచ్చాను. వెళ్లేటప్పుడు ఒక్క రాత్రీ సరిగా నిద్ర లేదు. తిరుగు లోడు కోసం అక్కడే రెండు రోజులు పడిగాపులు కాశాం. నా ముఖం చూసి అమ్మ ఇక మానేయమంటోంది. ఈ పని నాకు సరిపడుతుందో లేదో ఇప్పుడే తెలుసుకోవడం ఎలా?

జవాబు: ముందు రివర్స్ సంగతి పక్కన పెట్టండి. కారు నడిపిన చేతులు లారీ గేరును తొందరపెడతాయి. పొడవాటి బండి వెనక్కి వెళుతుంటే వెనక భాగం ఎటు తిరుగుతుందో అద్దాల్లో చూసి పసిగట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. ఖాళీ మైదానంలో గంటల తరబడి చేస్తే వచ్చే విద్య అది. అది నాలుగో వారంలో రాలేదని వృత్తి వదిలేయాలంటే ఈ రాష్ట్రంలో సగం లారీలు కదలవు. తిట్ల గురించి ఒక్క మాట. తిట్టే గురువు చేతిలోనూ పని నేర్చుకోవచ్చు, కానీ తిట్లు పడటమే శిక్షణలో భాగమని నమ్మనక్కర్లేదు. వీలుంటే వేరే చోట చేరండి.

అసలు విషయం నిద్ర. కదిలే క్యాబిన్‌లో, డ్రైవరు సీటు వెనక బల్ల మీద మొదటి ట్రిప్పులోనే గాఢంగా నిద్రపోయేవారు అరుదు. కాబట్టి నిద్ర పట్టకపోవడం వల్ల మీరు పనికిరారని తేలదు. నేను అడిగేది వేరు. రాత్రి రెండు నుంచి ఐదు గంటల మధ్య ఎవరి ఒళ్లయినా నిద్రకే లాగుతుంది. ఆ వేళలో మీ కళ్లు మూతపడినప్పుడు, ‘చిన్నాన్నా, నాకు నిద్ర వస్తోంది’ అని చెప్పారా? లేక ముఖం కడుక్కుని, టీ తాగి, ఏమీ లేనట్టు కూర్చున్నారా? మొదటిది చేసి ఉంటే మీ మీద నాకు ఆశ ఉంది. రెండోది చేసి ఉంటే, అదీ ఒకసారి కాకుండా ప్రతి రాత్రీ చేసి ఉంటే, జాగ్రత్తగా ఆలోచించుకోవాలి. నిద్ర వచ్చిందని ఒప్పుకోవడానికి సిగ్గుపడే మనిషికి పదహారు టన్నుల లోడు అప్పగించకూడదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, దాన్ని మీరు గమనించినట్టు లేదు. మీరు చూసింది లారీ వృత్తిని కాదు, చేపల లారీని. కైకలూరు నుంచి హౌరాకు సుమారు 1,200 కిలోమీటర్లు. వెనక ఐస్ కరుగుతూ ఉంటుంది, అక్కడ మార్కెట్ తెల్లవారుజామునే మొదలవుతుంది, ఆలస్యమైతే సరుకు ధర పడిపోతుంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, ఐదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి అనేది. ఐస్‌కు ఏ చట్టమూ తెలియదు. అదే సిమెంటు లోడయితే ఫ్యాక్టరీ గేటు బయట వరసలో పడుకునే సమయం ఎక్కువ, పరుగు తక్కువ. మిర్చి టిక్కీల (బస్తాల) లోడయితే మధ్యస్థం. ఏ సరుకు మోస్తారనే దాన్ని బట్టే మీ రాత్రులు ఎలా గడుస్తాయో, నడుము ఎలా ఉంటుందో, నెలలో ఇంట్లో ఎన్ని రోజులుంటారో తేలుతుంది. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు లారీ కంపెనీ గురించి అడుగుతారు, టైర్ల సంఖ్య అడుగుతారు, సరుకు గురించి మాత్రం ఎందుకో అడగరు.

అందుకని ఇంకో ట్రిప్పు వెళ్లండి. ఈసారి చేపలు వద్దు, చిన్నాన్న కూడా వద్దు. చిన్నాన్న మీ పొరపాట్లను కప్పేస్తారు, మీకు ముందుగా అన్నం పెడతారు. బంధువు కాని డ్రైవరు దగ్గర క్లీనరుగా వెళ్లండి. సరుకు మీద టార్పాలిన్ పట్టా కప్పి తాళ్లు బిగించడం, టైర్లు తట్టి చూడటం, కాటా దగ్గర వరసలో నిలబడటం, అన్నీ మీరే చేయండి. డీజిల్ మిగులుతుందని వాలులో న్యూట్రల్ వేసే డ్రైవరు మాత్రం వద్దు. ఆ అలవాటు మీకూ అంటుకుంటుంది, ఘాట్ రోడ్డులో ప్రాణం మీదికి తెస్తుంది. ఇంకో హెచ్చరిక: ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారికిచ్చే లైసెన్సు) కాగితం జేబులో ఉంది కదా అని ఎవరైనా రాత్రిపూట హైవే మీద లోడు బండి స్టీరింగ్ ఇస్తే పుచ్చుకోకండి. హెవీ లైసెన్సు రాకముందు జరిగే ప్రమాదం మిమ్మల్నీ, బండి యజమానినీ, రోడ్డు మీద ఉన్న వాళ్లనీ ముంచుతుంది.

ఆ ట్రిప్పులో రోజూ రెండు ముక్కలు ఒక కాగితం మీద రాసుకోండి. ఎంతసేపు పడుకున్నారో, ఎదురుచూపులో ఏం చేశారో. హౌరాలో ఆ రెండు రోజులూ మీకు ఎలా గడిచాయో మీ ప్రశ్నలో రాయలేదు. కొందరు బట్టలు ఉతుక్కుని, వంట చేసుకుని, కునుకు తీస్తారు. కొందరు గంటకోసారి బ్రోకరుకు ఫోను చేస్తూ, కోపం పెంచుకుంటూ, లోడు దొరకగానే పోయిన రెండు రోజుల్నీ రోడ్డు మీద రాబట్టాలని చూస్తారు. ఈ రెండో రకం వాళ్ల గురించే నాకు భయం. లారీ డ్రైవరు బతుకులో బండి నడపడం ఎంతో, ఆగి ఉండటమూ అంతే.

ఒంటరితనం, భాష చిన్న విషయాలు. రాష్ట్రం చివరనున్న ఇచ్ఛాపురం దాటినా ఒడిశాలోని బరంపురం వరకు తెలుగు వినపడుతుంది, ఆ తర్వాత హిందీ వస్తే చాలు. కంటి చూపు, రంగులు గుర్తుపట్టడం, నడుము మాత్రం ఇప్పుడే డాక్టరుకు చూపించండి. పెద్దగా గురక పెట్టేవారయితే అది కూడా చెప్పండి, పగటి మగతకు చాలాసార్లు కారణం అదే.

డబ్బు విషయంలో చేరకముందే అడగాల్సినవి: జీతం నెలకా, ట్రిప్పుకా? ఆగిన రోజులకు బత్తా (రోజు ఖర్చుల డబ్బు) ఇస్తారా? లోడు ఎక్కువైతే వద్దనే హక్కు డ్రైవరుకు ఉందా? 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించిన తర్వాత అధిక లోడుకు చట్టంలో జరిమానా 20,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో 2,000. అది ఎవరి జేబులోంచి పోతుందో మొదటి రోజే తేల్చుకోండి.

రెండో ట్రిప్పు తర్వాత కూడా ఒళ్లు ఒప్పుకోకపోతే దూరం తగ్గించండి, డ్రైవింగ్ మానక్కర్లేదు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాలను మామూలు లైట్ మోటారు లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అంటే మీ దగ్గరున్న లైసెన్సుతోనే ఊరి చుట్టుపక్కల సరుకు బండి నడిపి రాత్రికి ఇల్లు చేరవచ్చు. హెవీ లైసెన్సు వస్తే నగరాల్లో కాంక్రీటు మిక్సర్లు, రేవుల చుట్టూ తిరిగే టిప్పర్లు ఉంటాయి. హౌరా దాకా వెళితేనే డ్రైవరు కాదు.

అమ్మ విషయం చివరికి ఉంచాను. ఆమెను జీతం లెక్కలతో ఒప్పించాలని చూడకండి. మీ పిన్నిని ఇంటికి పిలిచి ఇద్దరినీ ఒక పూట కూర్చోబెట్టండి. లారీ డ్రైవరు ఇంట్లో ఫోను మోగని రాత్రి ఎలా ఉంటుందో, పండక్కి మనిషి రాకపోతే ఎలా ఉంటుందో పిన్నికే తెలుసు. వాళ్లు మాట్లాడుకుంటుంటే మీరు మధ్యలో కల్పించుకోకుండా వినండి. రేపు మీకు పెళ్లయితే మీ ఇంట్లోనూ అవే మాటలు వినపడతాయి.