తర్వాత మార్చుకోలేనివి ముందు చూడు, బిడ్డా

నల్లగొండ,
ఆదివారం

బిడ్డా,

నీ బీకాం చదువుకు ఏది కొనాలని అడుగుతూ నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు ల్యాప్‌టాప్‌ల ఫోటోలు రాత్రే చూశాను. ఫోన్‌లో చెబుదామనుకున్నా కానీ, ఫోన్‌లో అయితే "సరే మామా, సరే మామా" అంటూ సగమే వింటావు. అందుకని షాపు మూసే రోజు చూసి కూర్చుని రాస్తున్నా. కొనడానికి పోయేటప్పుడు ఇంకోసారి చదువుకో.

ముప్ఫై వేలలోపు అన్నావు. ఆ పైసలు మీ నాయన, అదే మా బావ, బాదేపల్లి మార్కెట్ యార్డులో పల్లికాయ అమ్మితే వచ్చినవని నాకు తెలుసు. యార్డులో వ్యాపారి ఎట్లా కొంటాడో నువ్వు చిన్నప్పుడు చాలాసార్లు చూశావు. బస్తా పైన ఉన్న కాయ చూసి ధర కట్టడు. చెయ్యి లోపలికంటా పెట్టి గుప్పెడు తీస్తాడు, నాలుగు కాయలు ఒలిచి గింజ చూస్తాడు. నువ్వు పంపిన ఫోటోల్లో ఉన్నదంతా బస్తా పైన కాయే. సన్నగా ఉంది, బరువు తక్కువ, చదువుకునే పిల్లలకు బాగుంటుంది, 41 శాతం తగ్గింపు. వీటిలో ఒక్కటీ గింజ కాదు.

నేనూ పైన కాయ చూసే ఒకసారి మునిగాను. 2021లో బడులు బందై ఆన్‌లైన్ క్లాసులు నడిచినప్పుడు మా చిన్నోడికి అర్జెంటుగా ల్యాప్‌టాప్ కావాల్సొచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా డీటీపీ షాపు నడిపినవాణ్ణి, నాకు తెలియదా అని ధీమా. రాత్రి పదకొండింటికి ఏదో ఆఫర్ అయిపోతోందని చూపిస్తే టెన్షన్‌లో బుక్ చేసేశాను. నాలుగు జీబీ ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడుకునే మెమరీ), 64 జీబీ ఈఎంఎంసీ (ఫైళ్లు దాచుకునే చవక రకం స్టోరేజీ), సెలెరాన్ అనే చవక ప్రాసెసర్ (ల్యాప్‌టాప్‌కు మెదడు లాంటిది). మొదటి నెల బాగానే నడిచింది. ఆరో నెలకు విండోస్ అప్‌డేట్‌కే జాగా చాల్లేదు. క్లాసు వింటూ వర్డ్ తెరిస్తే సారు మాట తెగిపోయేది, బొమ్మ ఆగిపోయేది. ఏముందిలే, ర్యామ్ పెంచుదాం, వేగంగా నడిచే స్టోరేజీ ఎస్ఎస్‌డీ వేద్దాం అని స్క్రూడ్రైవర్ తీసుకుని అడుగు మూత విప్పాను. లోపల మార్చడానికి ఏమీ లేదు. ర్యామూ బోర్డుకే అతికించి ఉంది, స్టోరేజీ బోర్డుకే అతికించి ఉంది. కొత్త ముక్క గుచ్చడానికి ఖాళీ స్లాట్ ఒక్కటి లేదు. చూసి మళ్లీ అవే స్క్రూలు బిగించి పక్కన పెట్టాను.

అదే టేబుల్ మీద నా పాత ల్యాప్‌టాప్ ఉంది, 2015లో కొన్నది. దానికి హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేశాను, ర్యామ్ ఎనిమిది జీబీ చేశాను. ఇప్పటికీ షాపులో పెళ్లికార్డులు దాని మీదే దిద్దుతున్నాం. అప్పటికే ఆరేళ్ల పాతది నడిచింది, ఆర్నెల్ల కిందటిది మూలన పడింది. అప్పటినుంచి ఎవరు అడిగినా నేను ముందు వెతికేది ఒక్కటే: ఇందులో తర్వాత మార్చుకోలేనివి ఏవి? అవి బాగుంటే మిగతావాటితో సర్దుకోవచ్చు. అవి బాగా లేకపోతే ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

ఎప్పటికీ మారనిది ప్రాసెసర్. స్టిక్కర్ మీద ఇంటెల్ కంపెనీ "ఐ3" అని ఉంటే సరిపోదు, దాని వెనక ఉన్న అంకె మొత్తం చదవాలి. ఐ3-1115జీ4 అంటే రెండే కోర్లు, అంటే లోపల పని చేసే చేతులు రెండే. ఐ3-1215యూ అంటే ఆరు కోర్లు. రెంటి మీదా స్టిక్కర్ ఐ3యే, షాపులో పక్కపక్కనే పెడతారు. నీ మొదటి ఫోటోలో ఉన్న సెలెరాన్ ఎన్4020 రెండు కోర్లది, 2019 నాటిది. "2.8 గిగాహెర్ట్జ్ వరకు" అని పెద్దక్షరాల్లో రాశారు చూడు, అది కాసేపు ఎగదోసినప్పటి వేగం. దాని అసలు వేగం 1.1. ఇదే చవక వర్గంలో ఎన్100 అని ఇంకోటి వస్తుంది, అది నాలుగు కోర్లది, చాలా నయం. టైపింగుకు, క్లాసులకు దానితో ఇబ్బంది లేదు.

ప్రాసెసర్లు చేసే ఇంకో కంపెనీ ఏఎండీ, వాళ్లది ఇంకో తమాషా. రైజెన్ 3 7320యూ అని నీ రెండో ఫోటోలో ఉంది. 7 చూసి కొత్త సరుకు అనుకుంటారు. ఆ నాలుగంకెల్లో మూడోది చూడాలి. అక్కడ 2 ఉంటే లోపలి డిజైన్ జెన్ 2, అంటే 2019లో వచ్చిన పాత డిజైన్. 7330యూ అయితే మూడో అంకె 3, జెన్ 3. పాతదైనంత మాత్రాన పనికిరాదని కాదు, నీ పనికి 7320యూ నడుస్తుంది. కొత్తదనుకుని కొత్తదాని ధర పెట్టకూడదు, అంతే.

ర్యామ్ ఎనిమిది జీబీకి తక్కువ వద్దు. విండోస్ 11కు నాలుగు చాలని మైక్రోసాఫ్ట్ వాళ్లే రాసుకున్నారు. చాలడమంటే ఆన్ కావడానికి చాలుతుంది. క్రోమ్‌లో పది ట్యాబులు, పక్కన ఎక్సెల్, వెనక పద్దులు రాసే ట్యాలీ నడవాలంటే చాలదు. ఎనిమిది ఉందా అనే దానికన్నా పెద్ద ప్రశ్న, రేపు పెంచుకోవచ్చా అన్నది. నేను చెప్పిన ఆ 7320యూతో వచ్చే ర్యామ్ ఎప్పుడూ బోర్డుకు అతికించిన రకమే. ఎనిమిదితో కొంటే చివరిదాకా ఎనిమిదే. షాపువాడు "పెంచుకోవచ్చమ్మా" అని తేలిగ్గా అనేస్తాడు. మాట వినకు, నువ్వే చూసుకో. డిస్‌ప్లేలో పెట్టిన దాని మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు ఉన్నాయి, ఎన్ని వాడారు అన్నది చాలావాటిలో కనిపిస్తుంది. ఒక్కోసారి అతికించిన ర్యామునే స్లాటుగా లెక్కేస్తుంది, కాబట్టి మోడల్ పూర్తి పేరు రాసుకొచ్చి కంపెనీ సైటులో కూడా చూడు. అక్కడ సోల్డర్డ్ అని ఉంటే అతికించారని అర్థం.

స్టోరేజీలో ఈఎంఎంసీ అన్న మాట కనిపిస్తే అక్కడే ఆగిపో. ఎస్ఎస్‌డీ అని ఉండాలి. 256 అయినా ఫర్వాలేదు, అతికించనిదైతే రేపు పెద్దది వేసుకోవచ్చు. ఎస్ఎస్‌డీలోనే ఎన్‌వీఎంఈ రకమా, సాటా రకమా అని షాపులో పెద్ద క్లాసు పీకుతారు, నీ పనిలో ఆ తేడా నీకు తెలియదు. ఇంకో మాట, 512 జీబీ అని కొంటే ఇంటికొచ్చాక 476 చూపిస్తుంది. మోసపోయామని బావ కంగారు పడతాడేమో, ముందే చెప్పు. కంపెనీ వెయ్యి లెక్కన లెక్కేస్తుంది, విండోస్ 1024 లెక్కన. అంతే తేడా.

తెర కూడా మారనిదాని కిందే లెక్క. మార్చొచ్చు గానీ దాని ఖర్చుకు నోరు మూతపడుతుంది. తెర మీది చుక్కల లెక్క 1366, 768 అని ఉంటే వద్దు. 1920, 1080 ఉండాలి. ఎక్సెల్ షీటు తెరిచావంటే ఎందుకో నీకే తెలుస్తుంది, మొదటి దాంట్లో కిందికి పైకి లాగుతూనే పొద్దు గడుస్తుంది. షాపులో మనుషులున్న ఫోటో ఒకటి తెరిచి మూతను ముందుకీ వెనక్కీ వంచి చూడు. రంగులు తిరగబడి ముఖాలు నల్లగా మారితే అది నాసి ప్యానెల్. మీ ఇంట్లో వరండాలో కూర్చుని చదువుకుంటావు, వెలుతురు ఎదురుగా కొడుతుంది. మసక తెర అయితే అక్కడ నీ ముఖమే కనిపిస్తుంది.

కాగితం మీద రాయనిది ఇంకోటుంది. మా దగ్గరికి రిపేరుకొచ్చే చవక ల్యాప్‌టాప్‌లలో సగం దాకా హింజి విరిగినవే. తెర తిరిగే ఆ ఇనుప బద్దను ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి బుడిపెలకు స్క్రూ చేస్తారు. హింజి బిగుసుకుంటే ఆ ప్లాస్టిక్ చిట్లుతుంది, తెర ఊడి చేతికొస్తుంది. నువ్వు ఏది కొన్నా మూల పట్టుకుని తెరవకు, మధ్యలో పట్టుకుని తెరువు. షాపులో కీబోర్డు నడిమధ్యన వేలితో గట్టిగా నొక్కి చూడు. మంచం నులకలా దిగబడితే వదిలెయ్. సేల్స్‌మన్ ముఖం చిట్లిస్తాడు, పట్టించుకోకు.

బ్యాటరీ పది గంటలు అని రాస్తారు. నా అనుభవంలో సగం అనుకోవాలి. గంటలు చూడకుండా, బ్యాటరీ ఎంత పడుతుందో చెప్పే వాట్ అవర్ అనే అంకె చూడు, రెండు ఒకే రకం ప్రాసెసర్‌వైతే ఆ అంకె ఎక్కువున్నదే ఎక్కువసేపు వస్తుంది. చార్జింగ్ పెట్టినప్పుడు బాడీ ముట్టుకుంటే జివ్వుమంటే ల్యాప్‌టాప్ తప్పని అనుకోకు, మీ ఇంటి ప్లగ్గులో ఎర్తింగ్ లేదని అర్థం. బావతో ఎలక్ట్రీషియన్‌ను పిలిపించు, అది ల్యాప్‌టాప్ కన్నా ముందు చేయాల్సిన పని.

విండోస్ ఉందా లేదా అడుగు. విండోస్ లేకుండా, డాస్ అనే పాతకాలపు సిస్టమ్ పేరు చెప్పి చవకగా అంటగడతారు. ఉన్నా "ఎస్ మోడ్" అని ఉంటే స్టోర్‌లో ఉన్న యాప్‌లే ఎక్కుతాయి, మీ కాలేజీలో చెప్పే ట్యాలీ ఎక్కదు. భయపడకు, ఆ మోడ్‌లోంచి ఉచితంగానే బయటికి రావచ్చు, మళ్లీ వెనక్కి మాత్రం పోలేము. విండోస్ బదులు గూగుల్ సిస్టమ్ మీద నడిచే క్రోమ్‌బుక్ అన్నది నీకసలు పనికిరాదు, ట్యాలీ విండోస్ మీద నడిచేది.

సెకండ్ హ్యాండ్ సంగతి అడిగావు. సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్లో కంపెనీలు వాడి వదిలేసినవి దొరుకుతాయి. ఆఫీసుల కోసం చేసినవి గట్టిగా ఉంటాయి, చాలావాటిలో ర్యామ్ మార్చుకోవచ్చు, కీబోర్డు కొత్త చవకదాని కన్నా హాయిగా ఉంటుంది. నిజం చెప్పాలంటే నాకైతే అదే కొనబుద్ధి. కానీ ఇంటెల్ ఎనిమిదో తరం కన్నా పాతది తీసుకోకు. దానికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. బ్యాటరీ రిపోర్టు తీయించి, కొత్తప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది చూడు. ఆన్ చేసేటప్పుడు ఏదైనా కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే ముట్టుకోకు, అది తాళం తీయని పెట్టె. నువ్వు ఒక్కదానివే మాత్రం పోవద్దు. పోవాలనుకుంటే నేను నల్లగొండ నుంచి బస్సెక్కి వస్తా.

నో కాస్ట్ ఈఎంఐ అంటే ఉచితం కాదు. వడ్డీని డిస్కౌంటుగా చూపిస్తారు, ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మన మీదే పడతాయి. చేతిలో పైసలున్నప్పుడు ఆ జోలికి ఎందుకు? జీఎస్టీ బిల్లు మాత్రం తప్పకుండా తీసుకో, బిల్లు మీది సీరియల్ నంబరు ల్యాప్‌టాప్ అడుగున ఉన్నదీ ఒకటేనా చూడు. వారంటీ ఇంటికొచ్చి చేసేదా, మనమే మోసుకుపోవాలా అడుగు. జడ్చర్ల నుంచి హైదరాబాద్ దాకా మోసుకుపోయే వారంటీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇప్పుడు నీ మూడు ఫోటోలు. మొదటిది, 17 వేలది, ఊరికే ఇచ్చినా వద్దు. మా చిన్నోడిది అచ్చం అదే. రెండోది, 28 వేలది, తీసుకోవచ్చు. ఎనిమిది జీబీ దగ్గరే ఆగిపోతుందని తెలిసి తీసుకోవాలి, మూడేళ్ల బీకాంకు సరిపోతుంది. మూడోది ఐ3-1215యూ, 33 వేలు. దాంట్లో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందని తేలితే అదే కొను. ఆ పైన పడే మూడు వేలు మామ ఖాతాలో రాసుకో, బావకు చెప్పకు. స్లాట్ లేదని తేలితే మాత్రం రెండోది తీసుకుని ఆ డబ్బు మిగుల్చుకో, స్టిక్కర్ కోసం అయిదు వేలు ఎక్కువ పెట్టకు.

మహబూబ్‌నగర్‌లో షాపుకు పోయినప్పుడు పైసలు ఇవ్వకముందే అట్టపెట్టె మీది లేబుల్ ఫోటో తీసి పంపు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నా దగ్గర గిరాకీ ఉండదు, అప్పుడైతే వెంటనే చూస్తా.

మీ మామ