డాక్టర్ సలహా: నీరసం సంగతి తర్వాత, ముందు ఆ దగ్గు

ప్రశ్న: నా వయసు 46. షుగర్ ఉంది. మూడు వారాలుగా దగ్గు, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోంది. మందుల షాపులో అడిగి అజిత్రోమైసిన్ రెండు కోర్సులు, తర్వాత లీవోఫ్లాక్సాసిన్ అయిదు రోజులు వాడాను. దగ్గు తగ్గి మళ్ళీ మొదలైంది. యాంటీబయాటిక్స్ వల్ల నా కణాలు దెబ్బతిన్నాయా? నీరసానికి ఏ టానిక్ వాడాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మన కణానికీ బాక్టీరియా కణానికీ ఉన్న తేడా మీదనే యాంటీబయాటిక్స్ ఆధారపడతాయి. మన కణానికి పలుచని ప్లాస్మాపొర, లోపల కణద్రవ్యం, కేంద్రకం, మైటోకాండ్రియాలు ఉంటాయి. బాక్టీరియాకు కేంద్రకం ఉండదు, కానీ చాలావాటికి పొర వెలుపల గట్టి కణకవచం ఉంటుంది. అమాక్సిసిలిన్ దెబ్బతీసేది ఆ కవచాన్నే, మనకు అది లేదు. అజిత్రోమైసిన్ ప్రోటీన్లు తయారుచేసే రైబోజోముల మీద పనిచేస్తుంది. అవి మనకూ ఉన్నాయి గానీ, బాక్టీరియావి 70ఎస్ అనే చిన్న రకం, మన కణద్రవ్యంలోవి 80ఎస్ అనే పెద్ద రకం; ఈ మందు ముఖ్యంగా బాక్టీరియా రకాన్నే పట్టుకుంటుంది. అందువల్ల కణాలు దెబ్బతిని నీరసం వచ్చిందనుకోవడానికి పెద్దగా ఆధారం కనిపించడం లేదు. అయితే లీవోఫ్లాక్సాసిన్ వల్ల షుగర్ పడిపోవడమో పెరగడమో జరగవచ్చు కనుక ఒకసారి చూపించుకోండి.

నన్ను కలవరపెడుతున్నది మీరు మామూలుగా రాసేసిన మాట: దగ్గు తగ్గి మళ్ళీ మొదలైందని. అలాంటి దగ్గుకు క్షయ (టీబీ) కారణం కావచ్చు. క్షయ క్రిమి కణకవచంలో మైనంలాంటి కొవ్వు ఆమ్లాలు ఉంటాయి, మామూలు మందులు దాన్ని దాటి పనిచేయడం కష్టం. లీవోఫ్లాక్సాసిన్ మాత్రం దాని మీద కొంత పనిచేస్తుంది, ఆ కొంతే ప్రమాదం: లక్షణాలు తాత్కాలికంగా అణగి, తెమడలో క్రిములు దొరకక, రోగ నిర్ధారణ ఆలస్యమవుతుంది, క్రిమి మందుకు లొంగని స్థితికి చేరే అవకాశమూ ఉంటుంది. షుగర్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం మామూలు కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. మీకు క్షయే అని నేను అనడం లేదు, చూడకుండా ఎవరూ అనలేరు; కానీ రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించకుండా మూడు కోర్సులు మింగడం మాత్రం ఏ విధంగానూ సరైన పని కాదు.

ఈ వారంలోనే ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడకు సీబీనాట్ లేదా ట్రూనాట్ (క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే) పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించుకోండి. తెమడ పరీక్ష, క్షయ అని తేలితే మందులు కూడా అక్కడ ఉచితం. వాడిన మందుల స్ట్రిప్పులు తీసుకెళ్ళి, ఎన్ని రోజులు వాడారో దాచకుండా చెప్పండి. బరువు తగ్గారో లేదో మీరు రాయలేదు, అదీ చెప్పాలి. తెమడలో రక్తం పడినా, ఆయాసం వచ్చినా ఆ రోజే వెళ్ళండి. ఈలోగా మరో యాంటీబయాటిక్ కొనకండి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోండి. టానిక్ విషయం రిపోర్టులు వచ్చాక చూద్దాం.