హైస్కూల్ లిస్టు ఎలా రాయాలంటే: న్యూయార్క్‌లో ఉన్న మా అమ్మాయికి

చి.ల.సౌ. శ్రావణికి, పెద్దమ్మ ఆశీస్సులు.

పాప హైస్కూల్ గురించి మొన్న నువ్వు అడిగిన ప్రశ్నలు ఫోన్‌లో పూర్తిగా చెప్పగలిగేవి కావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. అల్లుడు గారికి కూడా చదివి వినిపించు. పాప ఇప్పుడు ఏడో తరగతిలో ఉంది. తొమ్మిదో తరగతి నుంచి మొదలయ్యే హైస్కూల్‌కి అప్లికేషన్ ఎనిమిదో తరగతిలో, మామూలుగా అక్టోబర్‌లో తెరుచుకుంటుంది, డిసెంబర్ మొదట్లో గడువు ముగుస్తుంది, మార్చిలో ఆఫర్, అంటే ఏ స్కూల్‌లో సీటో, వస్తుంది. ఇంకా బోలెడు టైం ఉందని మీరు అనుకుంటున్నారు. కానీ ఇందులో ముఖ్యమైన ఒక భాగం ఈ జూన్‌తోనే తేలిపోతుంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

న్యూజెర్సీలో ఉన్న మీ స్నేహితులు చెప్పే మాటలు ఇక్కడ పనికిరావు. వాళ్లకు ఇల్లు ఏ ఊళ్లో ఉంటే స్కూల్ కూడా ఆ ఊళ్లోనే. అందుకే వాళ్లు ముందు స్కూల్ చూసుకుని తర్వాత ఇల్లు కొంటారు. న్యూయార్క్ నగరంలో ఎనిమిదో తరగతి పిల్లలు ఏ బరోలో, అంటే నగరంలోని ఐదు పెద్ద భాగాల్లో దేంట్లో ఉన్నా, నగరమంతటా ఉన్న 400కు పైగా పబ్లిక్ హైస్కూళ్లకు అప్లై చేయవచ్చు. ఒక్కో స్కూల్‌లో ఒకటికి మించి ప్రోగ్రాములుంటాయి, అవన్నీ కలిపితే 700 దాటుతాయి. మైస్కూల్స్ అనే వెబ్‌సైట్‌లో వాటిలోంచి 12 వరకు ఎంచుకుని వరుసలో పెట్టాలి. గుర్తుపెట్టుకో, ఒకే స్కూల్‌లో రెండు ప్రోగ్రాములు కావాలంటే అవి రెండు లైన్ల కింద లెక్క.

మీ తమ్ముడు ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టినప్పుడు ఇంటిల్లిపాదీ కంప్యూటర్ ముందు కూర్చోవడం నీకు తెలుసు. ఇదీ దాదాపు అలాంటిదే. తేడా ఒక్కటే. అక్కడ ఒకే ర్యాంకు, ఆ ర్యాంకు ప్రకారం అన్ని కాలేజీలూ. ఇక్కడ ఒక్కో స్కూల్‌కి ఒక్కో పద్ధతి. కొన్ని మార్కులు చూస్తాయి, కొన్ని వ్యాసం అడుగుతాయి, పాటకూ బొమ్మలకూ ఆడిషన్ పెట్టేవి ఉన్నాయి, కేవలం లాటరీతో ఇచ్చేవీ ఉన్నాయి. ఎడ్-ఆప్ట్ అనే రకం స్కూళ్లు బాగా చదివే పిల్లల్ని, మధ్యరకం వాళ్లని, వెనకబడిన వాళ్లని కావాలనే కలిపి తీసుకుంటాయి.

ఇక గుడిలోనూ బర్త్‌డే పార్టీల్లోనూ నీకు వినిపించే సలహా ఒకటుంటుంది: "రాని స్కూల్‌ని మొదట పెడితే ఆ నంబర్ వేస్ట్, రెండోది కూడా పోతుంది, కాబట్టి వచ్చేదాన్నే ముందు పెట్టాలి." దయచేసి దాన్ని నమ్మకు. క్వీన్స్‌లో ఇన్నేళ్లు మిడిల్ స్కూల్ పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషిగా అంటున్నాను, ఈ ఒక్క మాట వల్ల ఎంతోమంది మంచి పిల్లలు తమకు నచ్చిన స్కూల్‌ని లిస్టులో కిందికి తోసేసుకున్నారు.

అసలు జరిగేది ఇది. పాప మొదట రాసిన స్కూల్‌ని కంప్యూటర్ ముందుగా అడుగుతుంది. అక్కడ చోటుంటే ఆ సీటు తాత్కాలికంగా ఉంచుతుంది. ఆ స్కూల్ వరుసలో పాపకంటే ముందున్న పిల్లలు తర్వాత వస్తే పాప సీటు పోతుంది, అప్పుడు రెండోదాన్ని అడుగుతుంది. అలా రెండో స్కూల్‌కి ఆలస్యంగా వెళ్లినా నష్టం లేదు. ఎందుకంటే అక్కడా సీట్లన్నీ అప్పటికింకా తాత్కాలికమే. పాపకు ప్రాధాన్యం ఎక్కువుంటే అప్పటికే సీటు పట్టుకున్న వాళ్లని దాటి లోపలికి వెళ్తుంది. నువ్వు ఎన్నో నంబర్‌లో పెట్టావో స్కూల్‌కి కనిపించదు కూడా. ఈ పద్ధతికి మూలం 1962లో గేల్, షాప్లే అనే ఇద్దరు గణితవేత్తలు రాసిన పేపర్. ఆల్విన్ రోత్, ఆయనతో పాటు మరో ఇద్దరు ఆర్థికవేత్తలు దాన్ని ఈ నగరానికి తగ్గట్టు తయారుచేసి 2003-04లో అమల్లోకి తెచ్చారు. రోత్‌కి, షాప్లేకి 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అంతకు ముందు పద్ధతిలో పిల్లలు ఐదు స్కూళ్లే రాసేవాళ్లు, ఏటా దాదాపు 30 వేల మంది తాము అడగనే అడగని స్కూల్‌కి పోవాల్సి వచ్చేది. గుడిలో చెప్పే ఆ సలహా అప్పటి కాలానిది.

కాబట్టి వరుస విషయంలో ఎత్తుగడలు అక్కర్లేదు. పాపకు నిజంగా ఏది ఎక్కువ ఇష్టమో అదే పైన.

అయితే వరుస వేరు, ఏ పన్నెండు రాస్తామన్నది వేరు. జాగ్రత్త అంతా ఈ రెండో దాంట్లో ఉండాలి. పన్నెండూ అందరూ ఎగబడేవే అయితే ఒక్కటీ రాకపోవచ్చు, అప్పుడు ఖాళీ ఉన్న ఏదో స్కూల్ ఇస్తారు. మైస్కూల్స్‌లో ప్రతి ప్రోగ్రామ్ దగ్గరా కిందటేడు ఒక్కో సీటుకి ఎంతమంది పోటీ పడ్డారో రాసి ఉంటుంది. అది తప్పకుండా చూడు. పోటీ తక్కువగా ఉండి, పాప సంతోషంగా వెళ్లగలిగే స్కూళ్లు కనీసం మూడు నాలుగు కింద ఉండాలి. మీ అడ్రస్‌కి జోన్ స్కూల్, అంటే మీ చుట్టుపక్కల పిల్లలకు ప్రాధాన్యం ఇచ్చే స్కూల్, ఉంటే అది మరీ నచ్చకపోతే తప్ప చివర్లో రాసిపెట్టు. మీరు కిందటేడు ఇల్లు మారారు కదా, పాప స్కూల్ రికార్డులో కొత్త అడ్రస్ ఎక్కిందో లేదో ఈ వారమే కనుక్కో. జోన్ దాన్ని బట్టే.

ఇప్పుడు జూన్ సంగతి. మార్కులు చూసే స్కూళ్లు ఏడో తరగతి ఫైనల్ గ్రేడ్లనే చూస్తాయి. ఇంగ్లీష్, లెక్కలు, సైన్స్, సోషల్, ఈ నాలుగింటి సగటు. నగరం మొత్తంలో గానీ తన స్కూల్‌లో గానీ పై 15 శాతంలో ఉండి, సగటు 90 తగ్గకపోతే మొదటి గ్రూపు. సీట్లు ముందుగా ఆ గ్రూపుకే వెళ్తాయి, ఆ గ్రూపులో పోటీ ఎక్కువైతే లాటరీ. అంటే మొదటి గ్రూపులో పడ్డాక 96కీ 99కీ తేడా లేదు. ఆ మూడు మార్కుల కోసం పాపని రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టొద్దు. కానీ ఆ హద్దుకి కిందా మీదా ఊగుతున్న సబ్జెక్ట్ ఏదైనా ఉంటే దాని మీద ఇప్పుడే దృష్టి పెట్టండి. తెలివైన పిల్లలకు కూడా గ్రేడ్ తగ్గేది ఎక్కువగా పరీక్షల వల్ల కాదు, ఇవ్వకుండా వదిలేసిన హోంవర్కుల వల్ల. ఆన్‌లైన్ గ్రేడ్‌బుక్‌లో 'మిస్సింగ్' అని ఎన్ని ఉన్నాయో నెలకోసారి పాపతో కలిసి చూడు. ఏదైనా పొరపాటుగా పడిందనిపిస్తే జూన్ దాకా ఆగకుండా టీచర్‌ని మర్యాదగా అడగొచ్చు, మా టీచర్లం ఎవరం ఏమీ అనుకోం.

లాటరీ నంబర్ పాప అకౌంట్‌లోనే కనిపిస్తుంది. అంకెలు, ఇంగ్లీష్ అక్షరాలు కలిపి 32 ఉంటాయి, చూసి కంగారుపడకు. మొదటిది చాలు. 0తో మొదలైతే చాలా ముందున్నట్టు, 9 దాటాక ఎ నుంచి ఎఫ్ దాకా వెనక్కి వెళ్తున్నట్టు. అన్ని స్కూళ్లకూ అదే నంబర్. నంబర్ బాగోలేదని పై స్కూళ్లని తీసేయక్కర్లేదు, అడుగున పోటీ తక్కువున్నవి మరో రెండు చేర్చితే సరిపోతుంది.

స్టైవెసంట్ గురించి అల్లుడు గారు అడిగారు. స్టైవెసంట్, బ్రాంక్స్ సైన్స్, బ్రూక్లిన్ టెక్, క్వీన్స్‌లో యార్క్ కాలేజీ దగ్గరున్న సైన్స్ హైస్కూల్, ఇలా మొత్తం ఎనిమిది స్కూళ్లకు ఎస్‌హెచ్‌సాట్ అనే ఒక్క పరీక్షే ఆధారం, మార్కులు చూడరు. ఏటా సుమారు 26 వేల మంది రాస్తే 4 వేల మందికి అటూఇటూగా ఆఫర్లు వస్తాయి. పాప రాయనీ. ఆ ఎనిమిదింటి వరుస వేరుగా ఉంటుంది, ఈ 12 లైన్లలోంచి ఏమీ తగ్గదు. మూడు గంటల పరీక్ష, 2025 నుంచి కంప్యూటర్ మీద రాయిస్తున్నారు. నమూనా పరీక్షలు నగర విద్యా డిపార్ట్‌మెంట్ ఉచితంగా ఇస్తుంది, ముందు వాటితో మొదలుపెట్టండి. నా ఆక్షేపణ ఒకటుంది. మనవాళ్ల ఇళ్లలో ఈ పరీక్ష ఐఐటీ కోచింగ్‌లా తయారైంది. వేసవంతా వేలకు వేలు పోసి చదివించి, రాకపోతే పన్నెండేళ్ల పిల్ల తాను పనికిరాననుకుంటుంది. ఆ 12 స్కూళ్ల లిస్టేమో గడువుకి ముందు రాత్రి ఎవరో చెప్పిన పేర్లతో నింపేస్తారు. పరీక్ష రాసినవాళ్లలో నూటికి ఎనభై మందికి పైగా ఆ ఎనిమిదింటిలో ఆఫర్ రాదు, వాళ్లకు ఆ లిస్టే ఆధారం. మీ శ్రమలో పెద్ద భాగం దానికే ఇవ్వండి.

స్కూళ్లని వెళ్లి చూడండి. తల్లిదండ్రులకు స్కూల్ చూపించే ఓపెన్ హౌస్‌లో ప్రిన్సిపాల్ చెప్పేది అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. నేనైతే మామూలు రోజున స్కూల్ వదిలే వేళకి గేటు దగ్గర కాసేపు నిలబడమంటాను. పిల్లలు ఎలా మాట్లాడుకుంటున్నారు, సెక్యూరిటీ వాళ్లు వాళ్లతో ఎలా ఉన్నారు, ఎంతమంది క్లబ్బుల కోసం లోపలే ఆగిపోయారు, అదంతా పాపే చూడాలి. సైజు కూడా చిన్న విషయం కాదు. ఫ్రాన్సిస్ లూయిస్‌లో 4 వేల మందికి పైగా ఉంటారు, బ్రూక్లిన్ టెక్‌లో 5 వేలు దాటతారు. అంత పెద్ద స్కూళ్లలో లేని కోర్సూ ఉండదు, లేని ఆటల టీమూ ఉండదు. కానీ అడిగి తీసుకునే పిల్లకే అవి దొరుకుతాయి. మన పాప నెమ్మది మనిషి. బార్డ్ లాంటి చిన్న స్కూల్ ఆమెకు నప్పొచ్చు, అక్కడ హైస్కూల్‌తో పాటే రెండేళ్ల కాలేజీ డిగ్రీ ఉచితంగా వస్తుంది. ఏవియేషన్ హైస్కూల్ అని లాంగ్ ఐలండ్ సిటీలో ఉంది, విమానాల మెకానిక్ సర్టిఫికెట్‌కి పిల్లల్ని తయారుచేస్తారు. మెకానిక్ అనగానే మనవాళ్లు మొహం తిప్పుకుంటారు. యంత్రాలంటే ప్రాణం పెట్టే పిల్లకు అంతకంటే మంచి చోటు నాకు తెలీదు.

దూరం గురించి మీరు తక్కువ అంచనా వేస్తున్నారు. మీ ఫ్లోరల్ పార్క్ నుంచి హిల్‌సైడ్ అవెన్యూ మీద బస్సెక్కి, 179వ వీధిలో ఎఫ్ ట్రైన్ పట్టుకుని, మళ్లీ మారి మాన్‌హాటన్ దక్షిణ భాగానికి చేరేసరికి గంటన్నర దాకా పడుతుంది. పిల్లలకు బస్సులకీ సబ్‌వేకీ పనికొచ్చే ఓమ్నీ కార్డు మీద రోజుకి నాలుగు ప్రయాణాలు ఉచితం, డబ్బు సమస్య కాదు. నిద్ర సమస్య. లిస్టులో పెట్టే ముందు ఒక వర్షం రోజున ఉదయం ఏడింటికి పాపతో కలిసి వెళ్లి చూడండి. దిగాక ఆమె మొహం చూస్తే నీకే తెలుస్తుంది. ఒక గంట వరకు ఫర్వాలేదు, అది దాటితే స్కూల్ అంత గొప్పదై ఉండాలి.

వీసా గురించి భయం వద్దు. స్కూల్ చేర్పులకు ఇమిగ్రేషన్ స్టేటస్ అడగరు. డిపార్ట్‌మెంట్ కాగితాలు బెంగాలీ, ఉర్దూల్లో వస్తాయి, తెలుగులో రావు. కానీ మీ అత్తగారు స్కూల్‌కి ఫోన్ చేయాల్సి వస్తే తెలుగు దుబాసీ కావాలని అడగొచ్చు, ఫోన్‌లో ఏర్పాటు చేస్తారు.

మార్చిలో వచ్చిన ఆఫర్ నచ్చకపోయినా దాన్ని వదులుకోవద్దు. అంతకంటే పైన రాసిన స్కూళ్ల వెయిట్‌లిస్టులో పాప పేరు దానంతటదే ఉంటుంది, ఆఫర్ ఒప్పుకున్నంత మాత్రాన అది పోదు.

ఇక ఫారం. ముందుగా పంపినందుకు అదనపు లాభమేమీ లేదు, గడువు లోపల ఎప్పుడైనా ఒకటే. అయినా చివరి రోజు దాకా ఉంచకండి, ఆ రోజు సైట్ నత్తనడక నడుస్తుంది. సేవ్ చేస్తే సరిపోదు, సబ్మిట్ నొక్కాలి, నొక్కినట్టు వచ్చిన కాగితాన్ని దాచుకోవాలి. నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్ పండగకి ఎలాగూ మా ఇంటికి వస్తున్నారు కదా, అప్పుడు లిస్టు తీసుకురండి. పన్నెండు స్కూళ్లూ ఎందుకు రాశారో పాపే నాకు చెప్పాలి, మీరిద్దరూ మధ్యలో అందుకోకూడదు. ఏ స్కూల్ గురించైనా ఆమె ఏమీ చెప్పలేకపోతే అక్కడికక్కడే దాన్ని కొట్టేసి వేరేది వెతుకుదాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ