అలారం మోగలేదంటే తప్పు సెన్సర్‌దేనా?

టెక్ సందేహాలు

ప్రశ్న: అమ్మకి 68 ఏళ్లు, ఇన్సులిన్ మీద ఉంది. జబ్బకి లిబ్రె 2 సెన్సర్ (షుగర్‌ని రాత్రీపగలూ కొలిచి ఫోన్‌లోని యాప్‌కి పంపేది) పెట్టించాం. మొన్న తెల్లవారి స్కాన్ చేస్తే రాత్రి రెండింటికి షుగర్ 58కి పడినట్టు గ్రాఫ్‌లో కనిపించింది. అలారం మాత్రం మోగలేదు. బెంగళూరులో ఉన్న తమ్ముడి ఫోన్‌కీ కబురు రాలేదు. సెన్సర్ పాడైందా?
– పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: సెన్సర్ మీద అనుమానం చివర్లో పెట్టుకోండి. గ్రాఫ్ నిండుగా ఉంది కాబట్టి రాత్రంతా ఫోన్‌కి కనెక్షన్ ఉందనుకుంటారు చాలామంది. అదేం రుజువు కాదు. సెన్సర్ ఎనిమిది గంటల రీడింగులు తనలోనే దాచుకుంటుంది. పొద్దున్న ఫోన్ ఆనించగానే అవన్నీ ఒక్కసారి వచ్చి పడతాయి. అంటే రెండింటికి పడిన 58 మీ ఫోన్‌కి ఆరింటికి తెలిసి ఉండొచ్చు.

అలా ఎందుకయిందో చూద్దాం. బ్లూటూత్ అందేది అడ్డు లేకపోతే సుమారు 20 అడుగులు. మధ్యలో గోడ ఉంటే ఇంకా తక్కువ. ఒంట్లో ఉన్నది ఎక్కువగా నీరే కాబట్టి, ఆ చేతి మీదే పడుకుంటే శరీరమే సిగ్నల్‌కి అడ్డం. ఫోన్ హాల్లో చార్జింగ్‌లో, అమ్మగారు గదిలో అన్న పద్ధతి ఉంటే ముందు అది మార్చండి.

రెండోది ఆండ్రాయిడ్ ఫోన్ల బ్యాటరీ పొదుపు, నా లెక్కలో అసలు దొంగ ఇదే. స్క్రీన్ ఆగిన కాసేపటికి వెనక నడిచే యాప్‌లని ఫోన్ నిద్రపుచ్చేస్తుంది. 20 నిమిషాలు రీడింగ్ అందకపోతే ‘సిగ్నల్ లాస్’ అలారం రావాలి, నిజమే. కానీ యాప్‌నే ఫోన్ మూసేస్తే ఆ అలారం మోగించేది ఎవరు? పైగా విసుగొస్తోందని చాలా ఇళ్లలో ఆ అలారం ఆపేసి ఉంచుతారు. ఇన్సులిన్ వాడేవారి ఫోన్‌లో అది ఆన్‌లోనే ఉండాలి.

ఫోన్‌లో మార్చాల్సినవి చెబుతాను. సెట్టింగ్స్, యాప్స్‌లోకి వెళ్లి లిబ్రె యాప్ తెరవండి. బ్యాటరీ దగ్గర ‘అన్‌రెస్ట్రిక్టెడ్’ లేదా ‘నో రెస్ట్రిక్షన్స్’ ఎంచుకోండి. షావొమీ, రియల్‌మీ, వివో, ఒప్పోల్లో ‘ఆటోస్టార్ట్’ లేక ‘ఆటో లాంచ్’ అని విడిగా ఉంటుంది, అదీ ఆన్ చేయాలి. శాంసంగ్‌లో అయితే బ్యాటరీ, బ్యాక్‌గ్రౌండ్ యూసేజ్ లిమిట్స్‌లో ‘నెవర్ స్లీపింగ్ యాప్స్’ జాబితాలో చేర్చండి. అనుమతుల్లో నోటిఫికేషన్స్, ‘నియర్‌బై డివైసెస్’ ఇవ్వాలి. ఆండ్రాయిడ్ 11, అంతకన్నా పాతదైతే లొకేషన్ కూడా అడుగుతుంది, కాదనకండి. ‘డు నాట్ డిస్టర్బ్’ని దాటి మోగే అనుమతి మరీ ముఖ్యం, రాత్రి పదకొండుకి దానంతటదే ఆ మోడ్‌లోకి వెళ్లే ఫోన్లు ఎన్నో. ఫోన్ శుభ్రం చేస్తామని చెప్పే క్లీనర్ యాప్‌లుంటే తీసేయండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ కలిసి ఉంటే శబ్దం అందులోకి పోయి మీకు వినబడకపోవచ్చు, పడుకునేముందు దాన్ని విడదీయాలి.

ఇదంతా చేశాక పరీక్షించకుండా వదలొద్దు. టిఫిన్‌కి ముందు షుగర్ 120 లోపు ఉన్నప్పుడు హై అలారం హద్దుని 120కి దించండి (అంతకన్నా కిందికి దిగదు). పరగడుపునే 130 ఉంటే 150 పెట్టుకోండి. ఫోన్ లాక్ చేసి పక్కన పడేసి, ఇడ్లీయో చోడి అంబలో రోజూలాగే తిననివ్వండి. షుగర్ ఆ గీత దాటినప్పుడు ఫోన్ తనంతట తాను మోగాలి. మోగకపోతే పైన చెప్పిన సెట్టింగ్‌లలో ఏదో మిగిలిపోయింది. పని అయ్యాక హద్దుని డాక్టరు చెప్పిన అంకెకి తిరిగి పెట్టడం మరవకండి.

మీ తమ్ముడిగారి సంగతి. ఆయన ఫోన్‌లో ఉండే లిబ్రెలింక్‌అప్ యాప్‌కి రీడింగులు అమ్మగారి ఫోన్ నుంచి ఇంటర్నెట్ మీదుగా వెళ్తాయి. ఆ ఫోన్‌కే అందనిది బెంగళూరుకి అందదు. రాత్రి వైఫై రూటర్ ఆపేసే అలవాటుంటే మొబైల్ డేటా ఆన్‌లో ఉంచండి. దూరాన ఉన్నవాళ్ల అలారాన్ని రెండో కాపలాగానే లెక్కపెట్టుకోవాలి, మొదటిది అదే గదిలో మోగాలి.

ప్రశ్న: సెన్సర్‌లో 132, వేలు గుచ్చి చూస్తే 158. ఇంకోరోజు తెల్లవారుజామున సెన్సర్ 61 అంటే, గ్లూకోమీటర్ 97 అంది. ఏది నమ్మాలి?
– పాఠకుడు, సీతమ్మధార

జవాబు: మొదటిది టిఫిన్ తర్వాత చూసినదై ఉంటుంది. సెన్సర్ కొలిచేది రక్తంలో కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో. అక్కడికి గ్లూకోజ్ చేరేసరికి ఐదు నుంచి పది నిమిషాలు వెనకబడుతుంది. సెన్సర్ అంకె పక్కన కనిపించే బాణం నిటారుగా పైకి ఉందంటే నిమిషానికి 2 మిల్లీగ్రాములకి మించి పెరుగుతోందని అర్థం. పది నిమిషాలకి 20 తేడా అక్కడే వచ్చింది. ఇక గ్లూకోమీటర్‌కీ 100 పైన 15 శాతం అటూఇటూ ప్రమాణమే ఒప్పుకుంటుంది. రెంటినీ పోల్చాలంటే బాణం అడ్డంగా ఉన్నప్పుడు, చేతులు కడిగి తుడుచుకుని చూడండి. మామిడిపండు కోసిన వేలితో చూస్తే మీటరే అబద్ధం చెబుతుంది.

రెండోదాంట్లో సెన్సర్ ఉన్న చేతి మీద పడుకున్నారేమో గమనించండి. ఒత్తిడికి అక్కడ ద్రవం కదలిక తగ్గి దొంగ ‘లో’ (నిజంగా లేని లో షుగర్) కనబడుతుంది, పక్కకి తిరిగితే కాసేపటికి సర్దుకుంటుంది. పెట్టిన మొదటి రోజు అంకెలూ కాస్త అటూఇటూ ఉంటాయి. విటమిన్ సి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు: రోజుకి 500 మిల్లీగ్రాములు దాటితే ఈ సెన్సర్ షుగర్‌ని ఉన్నదానికన్నా ఎక్కువగా చూపొచ్చు. చప్పరించే 500 మాత్ర ఒకటి, పైన జామపండు చాలు హద్దు దాటడానికి. అసలు లో షుగర్ ఆ ముసుగులో దాగిపోవడం ప్రమాదం.

ఒంట్లో తేడాగా ఉండి సెన్సర్ బాగానే ఉందంటున్నా, లేక ఏ తేడా లేకుండా సెన్సర్ ‘లో’ అంటున్నా, వేలు గుచ్చి చూడాల్సిందే. నిజంగా ‘లో’ అయితే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని 15 నిమిషాలకి మీటర్‌తోనే చూడండి. సెన్సర్ వెనకబడి ఉంటుంది గనక ఇంకా తక్కువే చూపిస్తుంది, అది చూసి మళ్లీ మళ్లీ తినేసి 250కి ఎక్కించుకునేవాళ్లున్నారు.

ప్రశ్న: మా యూనిట్‌లో గేటు దగ్గరే ఫోన్ అప్పగించాలి. తిరిగి చేతికొచ్చేసరికి తొమ్మిది గంటలు. గ్రాఫ్‌లో ఖాళీ వస్తోంది.
– పాఠకుడు, గాజువాక

జవాబు: దాచుకునేది ఎనిమిది గంటలే కాబట్టి మొదటి గంట చెరిగిపోతుంది. ఫోన్ ఇచ్చేముందు ఒకసారి, తీసుకోగానే ఒకసారి స్కాన్ చేయండి. రోజుకి గంట పోయినా 96 శాతం రీడింగులు మిగులుతాయి. రెండు వారాల రిపోర్టుకి డాక్టర్లు చూసేది కనీసం 70 శాతం, దానికి ఢోకా లేదు. ఇబ్బంది అల్లా ఆ తొమ్మిది గంటలూ మీకు అలారం లేకపోవడమే. ఫోన్‌కి బదులు వాడే సెన్సర్ కంపెనీ రీడర్ కూడా ఎలక్ట్రానిక్ వస్తువే, దానికీ అనుమతి కావాలి. డాక్టరు చీటీతో మీ ఆక్యుపేషనల్ హెల్త్ సెంటర్‌లో అడగండి. కుదరకపోతే షిఫ్టు మధ్యలో అక్కడే స్ట్రిప్‌తో చూపించుకోండి, గ్లూకోజ్ జేబులో పెట్టుకోండి.

ప్రశ్న: ఈ ఉక్కపోతకి సెన్సర్ వారానికే ఊడిపోతోంది.
– పాఠకురాలు, మధురవాడ

జవాబు: పెట్టేరోజు జబ్బకి నూనె, లోషన్ రాయొద్దు. మామూలు సబ్బుతో కడిగి, స్పిరిట్ దూదితో తుడిచి, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనివ్వాలి. బిగుతు జాకెట్టు చెయ్యి అంచు తగిలేచోట కాకుండా కాస్త పైకి పెట్టించుకోండి. పైన టేపు వేస్తే సెన్సర్ మధ్యనున్న చిన్న రంధ్రం మూయకూడదు. స్నానం పరవాలేదు, మీటరు లోతులో అరగంట వరకూ తట్టుకుంటుంది. రుషికొండ అలల్లో దిగితే మాత్రం నీటికన్నా అల విసురుకే ఊడుతుంది. వాడని సెన్సర్లని బాక్సు మీద రాసిన ఉష్ణోగ్రతలో ఉంచండి. మే నెలలో మన గదుల్లో అది సాధ్యం కాదు, ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు.

ప్రశ్న: కొత్త ఫోన్ కొనాలి. ఏం చూడాలి?
– పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: ముందు ఎన్‌ఎఫ్‌సీ, అంటే ఫోన్ ఆనించగానే సెన్సర్‌ని చదివే సౌకర్యం. అది లేకపోతే సెన్సర్ మొదలుపెట్టడమే కుదరదు. చవక ఫోన్లలో చాలావాటికి ఉండదు, ఒకే పేరున్న మోడల్‌కి విదేశంలో ఉండి ఇక్కడ లేకపోవడమూ మామూలే. దుకాణంలోనే సెట్టింగ్స్‌లో ‘ఎన్‌ఎఫ్‌సీ’ అని వెతికి చూడండి. ఆ మోడల్, యాప్ పనిచేసే ఫోన్లని సెన్సర్ కంపెనీ ఇచ్చే జాబితాలో ఉందా అన్నదీ చూడాలి. ఐఫోన్‌లో స్కాన్‌కి ఆనించాల్సింది పైఅంచు, ఆండ్రాయిడ్‌లో ఎక్కువగా వీపు మధ్య. లోహపు రింగున్న కవర్ తీసేయండి. ఒక ఫోన్‌తో మొదలుపెట్టిన సెన్సర్ ఇంకో ఫోన్‌లోకి మారదు. అందుకని పాత ఫోన్ ఇచ్చేయడానికి తొందరపడకండి. ఇప్పుడున్న సెన్సర్ గడువు తీరేదాకా అందులోనే వాడి, కొత్త సెన్సర్‌ని కొత్త ఫోన్‌తో మొదలుపెట్టండి. అదే అకౌంట్‌తో లాగిన్ అయితే, లిబ్రెవ్యూలో (రీడింగులు ఆన్‌లైన్‌లో దాచే చోటు) చేరిన పాత రీడింగులు డాక్టరుకి కనబడుతూనే ఉంటాయి.