జీతం రాని సీమన్ కోసం దుబాయ్‌లో షిప్పింగ్ లాయర్ని పెట్టుకోవాలా?

మీరు రాసిందాన్ని బట్టి సంగతి ఇదీ. మీ తమ్ముడు షార్జా దగ్గర లంగరేసి ఉన్న సప్లై వెసెల్‌లో (సముద్రంలోని రిగ్గులకి సామాన్లు చేర్చే ఓడ) ఆయిలర్, అంటే ఇంజిన్ రూమ్ పనివాడు. ఆరు నెలలుగా జీతం లేదు. ఓనరు మనుషులేమో "సైన్ ఆఫ్ కాగితం (ఓడ దిగిపోతున్నట్టు రాసే కాగితం) మీద సంతకం పెట్టి ఇంటికెళ్లు, డబ్బు అకౌంట్లో పడుతుంది" అంటున్నారు. దుబాయ్‌లో ఒక కన్సల్టెన్సీ 15,000 దిర్హాములు అడ్వాన్సు ఇస్తే కేసు వేస్తామంటోంది. ఏ లా ఫర్మ్ మంచిదో చెప్పమని అడిగారు.

అడ్వాన్సు ఇప్పుడే కట్టకండి. లాయర్ కంటే ముందు చూడాల్సింది ఓడలోని నోటీసు బోర్డు. మెస్ రూమ్ దగ్గర అంటించిన కాగితాల్లో ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చిన ఫైనాన్షియల్ సెక్యూరిటీ సర్టిఫికెట్లు రెండు ఉండాలి. ఒకటి చావు, గాయాల పరిహారానికి. ఇంకొకటి ఓనరు సిబ్బందిని వదిలేస్తే ఆదుకోవడానికి. ఈ రెండోదాన్ని ఫోటో తీసి పంపమని ఈ రోజే మీ తమ్ముడికి మెసేజ్ పెట్టండి. గడువు తేదీ కూడా కనబడాలి.

ఎందుకంటే ఓడ సిబ్బంది హక్కుల కోసం దేశాలు చేసుకున్న మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అనే ఒప్పందానికి 2014లో చేసిన సవరణలు 2017 జనవరి 18 నుంచి అమల్లో ఉన్నాయి. రెండు నెలలు జీతం ఇవ్వకుండా ఓనరు చేతులెత్తేస్తే, ఇంటికి పంపే ఖర్చు పెట్టకపోతే, తిండీ నీళ్లూ డీజిలూ లేకుండా వదిలేస్తే దాన్ని సిబ్బందిని గాలికొదిలేయడంగానే లెక్కగడతారు. అప్పుడు ఆ సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ నాలుగు నెలల దాకా జీతం బాకీ, తిండి, మందులు, ఇంటికి టిక్కెట్టు భరించాలి. చాలా ఓడలకు ఆ సంస్థ పీ అండ్ ఐ క్లబ్బే (ఓడ ఓనర్లు కలిసి నడుపుకునే ఇన్సూరెన్సు సంఘం) అవుతుంది. వాళ్లకి సిబ్బంది నేరుగా రాయొచ్చు, మధ్యలో లాయర్ అక్కర్లేదు. ఆరు నెలల బాకీలో నాలుగు నెలలది ఈ దారిలో రావొచ్చంటే, దానికి 15,000 దిర్హాములు ఖర్చుపెట్టడం ఎందుకు?

అయితే ఇది అన్ని ఓడలకూ వర్తించదు. ఈ సర్టిఫికెట్ తప్పనిసరి అయ్యేది 500 గ్రాస్ టన్నులు, ఆ పైన ఉండి దేశాల మధ్య తిరిగే ఓడలకి. ధో అనే సంప్రదాయ చెక్క పడవలకి, చేపల బోట్లకి ఈ కన్వెన్షనే వర్తించదు. జెండా ఏ దేశానిదో, అంటే ఓడ ఏ దేశంలో రిజిస్టరైందో కూడా చూడాలి. పనామా, లైబీరియా, మార్షల్ ఐలాండ్స్ లాంటివి కన్వెన్షన్‌లో ఉన్నాయి. జెండా మార్చేసి, ఇన్సూరెన్సు రద్దయిపోయి, బోర్డు మీద పాత కాగితం వేలాడుతూ ఉండే ఓడలు కూడా ఉన్నాయి, అందుకే గడువు తేదీ చూడమన్నాను. ఓడ మీద రాసి ఉండే ఏడంకెల ఐఎంఓ నంబరు మీ దగ్గరుంటే ఓడల వివరాలుండే ఈక్వాసిస్ (Equasis) వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి మీరే వెతకొచ్చు. జెండా, రిజిస్టర్ అయిన ఓనరు, నడిపే కంపెనీ, చాలాసార్లు పీ అండ్ ఐ క్లబ్ పేరు కూడా అందులో దొరుకుతాయి.

ఇవన్నీ చదివి తెలుసుకున్నవి కావు. గల్ఫ్‌లో సప్లై బోట్ల మీద సెకండ్ ఇంజినీర్‌గా పనిచేసిన రోజుల్లో యూఏఈలోని ఖోర్ ఫక్కాన్ యాంకరేజ్‌లో (ఓడలు లంగరేసుకునే చోటు) మాకూ ఇదే జరిగింది. ముందు జీతం ఆలస్యమైంది, తర్వాత ప్రొవిజన్స్ తగ్గాయి, ఆ తర్వాత జనరేటర్ రాత్రిపూట మాత్రమే నడిపేంత డీజిల్ మిగిలింది. ఆగస్టు ఎండలో ఏసీ లేని ఇనుప గదిలో ఎలా ఉంటుందో మీ తమ్ముడు మీకు చెప్పి ఉండడు. మేమూ ఇళ్లల్లో చెప్పలేదు. దిగిపోదామంటే కుదరదు. ఓడ మీద కనీస సిబ్బంది లేకుండా పోర్టు ఒప్పుకోదు, బదులు మనుషుల్ని ఓనరు పంపడు.

క్లబ్ నుంచి మాకు నాలుగు నెలల జీతం వచ్చింది. మిగతా బాకీకి లాయర్ కావాల్సి వచ్చింది. మీరడిగిన ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

దుబాయ్‌లో షిప్పింగ్ చూసే సంస్థల గురించి వెతికితే క్లైడ్ అండ్ కో, హెచ్‌ఎఫ్‌డబ్ల్యూ, అల్ తమీమీ లాంటి పేర్లు మొదట కనిపిస్తాయి. పనితనంలో వాటికి వంక పెట్టలేం. కానీ ఇలాంటి సంస్థల షిప్పింగ్ విభాగాలకు ఎక్కువ పని ఇచ్చేది ఓనర్లు, బ్యాంకులు, ఇన్సూరెన్సు క్లబ్బులు, సరుకు కంపెనీలు. ఒక ఆయిలర్ జీతం బాకీ వాళ్ల ఫీజు ముందు చిన్నది. పైగా మీ ఓడ ఓనరో, అప్పిచ్చిన బ్యాంకో ఇప్పటికే వాళ్ల క్లయింటు అయితే మీ కేసు తీసుకోలేరు. అందుకే ఏ ఆఫీసులోనైనా ఓడ పేరు, ఓనరు పేరు చెప్పి "వీళ్లకి మీరు పనిచేస్తున్నారా?" అని అడగండి. ఫీజు మాట ఆ తర్వాతే.

ఇంకొకటి, అక్కడ లీగల్ కన్సల్టెంట్ వేరు, కోర్టులో నిలబడే అడ్వకేట్ వేరు. యూఏఈ మామూలు కోర్టుల్లో కేసు నడిచేది అరబిక్‌లో. వాదించే హక్కు లైసెన్సున్న అడ్వకేట్లకే ఉంటుంది. మీ తమ్ముడి అగ్రిమెంటు, జీతం లెక్కలు లైసెన్సున్న అనువాదకుడి చేత అరబిక్‌లోకి మార్పించాలి. ఆ ఖర్చు విడిగా అడుగుతారు. మీకు ఫోన్ చేసిన కన్సల్టెన్సీ కేసు తామే వేస్తుందా, వేరే అడ్వకేట్‌కి అప్పగిస్తుందా, ఆ అడ్వకేట్ పేరేమిటి, 15,000లో కోర్టు ఫీజు, అనువాదం కలిసి ఉన్నాయా అన్నది రాతపూర్వకంగా అడగండి. రాసివ్వకపోతే వదిలేయండి. ఓడ షార్జా నీళ్లలో ఉంటే దుబాయ్ కోర్టులో పని ఉండదు, ఓడ ఎక్కడుంటే అక్కడి కోర్టే. ఆ కోర్టులో ఓడ అరెస్టు కేసులు నడిపారా అని కూడా అడగాలి.

అరెస్టు అంటే ఓడ కదలకుండా కోర్టు ఆర్డరు తేవడం. యూఏఈలో 1981 నాటి పాత సముద్ర చట్టం పోయి, 2023 నాటి 43వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం 2024 మార్చి 29 నుంచి అమల్లోకి వచ్చింది. పాతదాంట్లోనూ కొత్తదాంట్లోనూ సిబ్బంది జీతం ఆ ఓడనే పట్టుకుని ఉండే బాకీ. ఓడ వేలానికి వెళ్తే కోర్టు ఖర్చుల్లాంటివి పోయాక, బ్యాంకు తాకట్టు కంటే ముందు సిబ్బందికి చెందాలి. మాకు పనికొచ్చింది ఇదే. మేమంతా కలిసి ఒకే అడ్వకేట్‌కి ఇచ్చాం, ఖర్చు పంచుకున్నాం. ఆర్డరు వచ్చాక మాతో మాట్లాడటానికి వచ్చింది ఓనరు కాదు, బ్యాంకు లాయర్లు. ఓడ అక్కడే తుప్పు పడితే వాళ్లకే నష్టం, మా బాకీ వాళ్ల కంటే ముందు వరుసలో ఉందనీ వాళ్లకి తెలుసు. కొంత తగ్గించి ఒప్పుకున్నాం, డబ్బు చేతికొచ్చాకే సంతకాలు పెట్టాం.

తగ్గించుకోవడం తప్పేం కాదు. 2021 జనవరిలో యూఏఈలోని ఉమ్ అల్ కువైన్ బీచ్‌కి కొట్టుకొచ్చిన ఎమ్‌టీ ఐబా ట్యాంకర్ గుర్తుందా? ఏళ్ల తరబడి జీతం లేకుండా అందులో ఉండిపోయిన ఐదుగురు సిబ్బంది కూడా పూర్తి బాకీ కంటే తక్కువకే ఒప్పుకుని బయటపడ్డారు. వేలం దాకా వెళ్తే నెలలు పడుతుంది, ముసలి ఓడకి పెద్ద ధర రాదు.

తన తరఫున కేసు నడపమని అడ్వకేట్‌కి అధికారమిచ్చే పవరాఫ్ అటార్నీ దగ్గర చాలామంది ఆగిపోతారు. మీ తమ్ముడు ఓడ దిగలేడు కాబట్టి నోటరీ ఎలా చేయిస్తారో అడ్వకేట్‌నే అడగండి. అతను ఇంటికొచ్చేశాక ఇక్కడి నుంచి ఇవ్వాలంటే నోటరీ, విదేశాంగ శాఖ, ఆపైన యూఏఈ ఎంబసీ ముద్ర, ఇన్ని మెట్లున్నాయి. అందుకే కేసు వేసే ఉద్దేశముంటే ఓడ మీద ఉండగానే ఇది అయిపోవాలి.

ఓనరు ఇచ్చే సైన్ ఆఫ్ కాగితం సంగతి. "బాకీ ఏమీ లేదు, అంతా ముట్టింది" అనే వాక్యం అందులో ఉంటే సంతకం పెట్టొద్దని చెప్పండి. తప్పనిసరై పెట్టాల్సి వస్తే పక్కన ఎంత బాకీ ఉందో తన చేత్తో రాసి ఫోటో తీసుకోవాలి. క్లబ్ డబ్బిచ్చినా అందిన మొత్తానికే రసీదు ఇవ్వాలి. అగ్రిమెంటు అన్ని పేజీలు, సీడీసీలో (ఓడ ఉద్యోగి సర్వీసు పుస్తకం) ఓడ ఎక్కినట్టు వేసే సైన్ ఆన్ ముద్ర ఉన్న పేజీ, నెలవారీ జీతం స్లిప్పులు, ఓనరు వాట్సాప్ మెసేజీలు ఇప్పుడే మీకు పంపించేయాలి. ఓడలో కరెంటు పోయి ఫోన్ ఆగిపోయే రోజు రావొచ్చు.

వీటితో పాటు డబ్బు ఖర్చు లేని తలుపులు కూడా తట్టండి. పంపిన ఏజెంటుకి ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు (ఓడలకి మనుషుల్ని పంపడానికి ప్రభుత్వమిచ్చే అనుమతి) ఉంటే, ఆ లైసెన్సులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్‌కి ఫిర్యాదు చేయండి, ఏజెంటు మీద ఒత్తిడి వస్తుంది. విశాఖపట్నంలో దాని కింద పనిచేసే మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ ఆఫీసు ఉంది, మీది ఉత్తరాంధ్ర అయితే నేరుగా వెళ్లి రాతపూర్వకంగా ఇవ్వండి. ఎన్‌యూఎస్‌ఐ లాంటి మన ఓడ ఉద్యోగుల యూనియన్ ద్వారా ఐటీఎఫ్‌కి (అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య) చెబితే, ఓనర్లు వదిలేసిన సిబ్బంది గురించి ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ), ఐఎంఓలు (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) ఉంచే ఉమ్మడి జాబితాకి కేసు ఎక్కే వీలుంది. జాబితాకి ఎక్కిన ఓడ గురించి జెండా దేశానికి ప్రశ్నలు వెళ్తాయి. ఐటీఎఫ్ లెక్కన 2024లో 312 ఓడల మీద 3,133 మందిని ఇలా వదిలేశారు, వాళ్లలో 899 మంది మనవాళ్లే. తిండీ నీళ్లూ అయిపోతుంటే దుబాయ్‌లో ఓడ సిబ్బందికి సాయం చేసే మిషన్ టు సీఫేరర్స్ అనే సేవా సంస్థ వాళ్లకి చెప్పండి. దుబాయ్‌లో భారత కాన్సులేట్ తరఫున నడిచే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రంలో ఉచిత న్యాయసలహా ఇస్తారు. కన్సల్టెన్సీ రాసిచ్చిన కాగితాన్ని వాళ్లకి చూపించండి.

సర్టిఫికెట్ ఫోటో వచ్చాక ఓడ జెండా, ఐఎంఓ నంబరు, సర్టిఫికెట్ గడువు మాత్రం ఇక్కడ రాయండి. పాస్‌పోర్టు, సీడీసీ నంబర్లు పెట్టకండి. గడువు ఇంకా ఉంటే క్లబ్‌కి రాయాల్సిన ఉత్తరం నేనే ముసాయిదా రాసి పెడతాను, మీ తమ్ముడూ తోటి సిబ్బందీ సంతకాలు చేసి పంపొచ్చు.