పరిగెత్తని ‘రన్’

తమ్ముడూ,

నువ్వు పంపిన అనువాదం చదివాను. కథ ఎంపిక బాగుంది. అమెరికాలో ఓ చిన్న ఊరు, హోటల్ నడుపుకునే పెద్దావిడ, మేయర్ ఎన్నికల గోల, జ్వరంతో మంచం పట్టిన పిల్లాడు. సంభాషణలు నీకు బాగానే పట్టుబడ్డాయి. ఇక చివాట్లు.

మూడో పేజీలో ‘అతను మేయర్ పదవికి పరిగెత్తాలనుకున్నాడు’ అని రాశావు. ఎక్కడికయ్యా పరిగెత్తేది? మన దగ్గర ఎన్నికల్లో నిలబడతారు. అమెరికా వాళ్ళు దానికి ‘రన్’ అంటారు, వాళ్ళకి అది పరుగు. అదే ఇంగ్లీషు మాట్లాడే బ్రిటన్ వాళ్ళు మనలాగే నిలబడతారు. అంటే ఆ ‘రన్’ అక్కడి ఎన్నికల మాట తప్ప కాళ్ళతో దానికేం పని లేదు.

ఈ ఒక్క మాట దగ్గరే నువ్వు నాలుగైదు చోట్ల బోర్లాపడ్డావు. సిగ్గుపడకు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీలో ‘రన్’ని సవరించడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పైనే పట్టింది. ఒక్క క్రియగానే 645 అర్థాలు తేలాయి. 1989లో వచ్చిన రెండో ముద్రణలో పెద్దపీట ‘సెట్’ది, సుమారు 430 అర్థాలతో. తర్వాత ‘రన్’ దాన్ని దాటేసింది. యంత్రాలు రావడం అందుకు ఒక పెద్ద కారణం. పూర్వం మనిషి, గుర్రం, ఏరు పరిగెత్తేవి. ఆ తర్వాత రైలొచ్చింది, ఫ్యాక్టరీ వచ్చింది, మోటారొచ్చింది, చివరికి కంప్యూటర్లో ప్రోగ్రామూ వచ్చింది. వాటి కోసం కొత్త మాట వెతక్కుండా ఇంగ్లీషు వాళ్ళు ఈ పాతదాన్నే పనిలో పెట్టారు.

645 అర్థాలు బట్టీ పట్టమని చెప్పడం లేదు. నిఘంటువు తెరిచే ముందు, ఆ వాక్యంలో ‘రన్’ అవుతున్నది ఏమిటో చూడు. ఏరైతే పారుతుంది. ముక్కయితే కారుతుంది. సినిమా అయితే ఆడుతుంది. పల్లెకి బస్సయితే తిరుగుతుంది. ఉతికిన చీరలో రంగు దిగుతుంది. కొట్టయితే నడుస్తుంది. వస్తువు ఏదో తెలిస్తే క్రియ దానంతటదే నోటికొస్తుంది. ఫోన్‌లో అనువాదం యాప్‌కి అప్పగిస్తే ఇవన్నీ సరిగ్గానే చెప్తుందని నువ్వు అనొచ్చు. చెప్తుంది, చాలాసార్లు. చెప్పనప్పుడు పట్టుకోవాల్సింది నువ్వే కదా.

వంటింటి సీను గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అక్కడ పిండి ‘రన్ అవుట్’ అయితే ‘పిండి నిండుకుంది’ అని రాశావు. చదవగానే ముచ్చటేసింది. ఇంట్లో బియ్యం అయిపోయాయని నోటితో అనలేక, అశుభమని, తిరగేసి నిండుకున్నాయనే అలవాటు మనది. కానీ ఆ భయం మన ఇళ్ళది. ఆ అమెరికా ఆవిడ డబ్బా బోర్లించి చూసుకుని, విసుక్కుంటూ ఆ మాట అంటోంది. ఆవిడ నోట ‘పిండి అయిపోయింది’ చాలు. మంచి తెలుగు దొరికింది కదా అని ప్రతిచోటా వాడెయ్యకు. మాట ఎవరి నోట్లోంచి వస్తోందో కూడా చూసుకోవాలి.

అలాగని ‘రన్’ కనపడగానే తెలుగు చెయ్యాలనీ లేదు. క్రికెట్‌లో పరుగులు పేపర్ల పుణ్యమా అని ఎప్పుడో స్థిరపడ్డాయి. సాఫ్ట్‌వేర్ కుర్రాడు మాత్రం ప్రోగ్రాం రన్ చేశాననే అంటాడు, అననీ. ఆ కుర్రాడి చేత ‘నడిపాను’ అనిపిస్తే వాడు మనిషిలా ఉండడు.

ఇదంతా ఇంగ్లీషు చాదస్తం అనుకుంటున్నావేమో, మన ‘కొట్టు’ని చూడు. బండికి గాలి కొట్టిస్తాం, గుళ్ళో కొబ్బరికాయ కొడతాం, పరీక్షలో కాపీ కొడతాం, ఉపన్యాసం బోరు కొడుతుంది, చెప్పులు ఎవడో కొట్టేస్తాడు. ‘మందు కొట్టాడు’ అన్న వాక్యం తీసుకో. పొద్దున పత్తిచేలో అయితే పురుగుమందు, రాత్రి స్నేహితులతో అయితే సీసా. మన కథని ఇంగ్లీషులోకి తీసుకెళ్ళేవాడు ఆ వాక్యం దగ్గర ఎంత టెన్షన్ పడతాడో ఊహించుకో. చేను కనపడితేనే వాడు గట్టెక్కుతాడు. నువ్వు కథలు సొంతంగా రాసేటప్పుడు కూడా ఆ చేను కనపడేలా రాయి.

చివరి పేజీ ఒక్కటి మిగిలింది. ఆవిడ తనకి ‘గుడ్ రన్’ దొరికిందంటే నువ్వు ‘మంచి పరుగు పెట్టాను’ అని రాశావు. అది కొట్టెయ్. మూసేస్తున్న హోటల్ గురించి అంటోందో, పోయిన భర్తతో చేసిన కాపురం గురించి అంటోందో నీ తెలుగులో తెలియడం లేదు. ఇంగ్లీషు కథలో ఆ పేజీ, దాని ముందు పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. ‘ఇన్నేళ్ళూ బాగానే నడిచింది’ అంటే రెండిటికీ సరిపోతుందనుకుంటున్నా, చూసి చెప్తాను.

ఉంటాను,
అక్క