మీ సందేహం – మా సమాధానం: క్వాంటం కంప్యూటర్లొస్తే రోగుల రిపోర్టులు భద్రమేనా?

ప్రశ్న: మేము చిన్న డయాగ్నస్టిక్ సెంటర్ నడుపుతున్నాం. రోగుల రిపోర్టులు క్లౌడ్‌లో ఉంటాయి. అమరావతికి క్వాంటం కంప్యూటర్ రాబోతోందని, అలాంటివి వస్తే ఏ ఎన్‌క్రిప్షనూ (సమాచారాన్ని ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చే పద్ధతి) నిలవదని అంటున్నారు. మేము ఇప్పుడే ఏమైనా చేయాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమరావతికి ప్రకటించిన ఐబీఎం యంత్రంలోని ప్రాసెసర్‌ది 156 క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్‌లో లెక్కలు చేసే ప్రాథమిక యూనిట్లు) సామర్థ్యం, దానివల్ల మీ రిపోర్టులకు ముప్పేమీ లేదు. విస్తృతంగా వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఆర్‌ఎస్‌ఏను, 2048 బిట్ల కీ ఉన్నప్పుడు, ఛేదించాలంటే రెండు కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో పరిశోధకులు క్రెయిగ్ గిడ్నీ, మార్టిన్ ఎకెరా లెక్కగట్టారు. అయితే 2025లో గిడ్నీయే ఆ అంచనాను పది లక్షల లోపుకు దించారు. యంత్రాల సామర్థ్యం పెరగడం కంటే, అవసరమైన సామర్థ్యం ఇంత వేగంగా తగ్గడమే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది.

ఏ ఎన్‌క్రిప్షనూ నిలవదన్న మాట మాత్రం సరికాదు. 1994లో గణితవేత్త పీటర్ షోర్ కనుగొన్న, క్వాంటం కంప్యూటర్‌తో కీని ఛేదించే పద్ధతికి లొంగేవి ఆర్‌ఎస్‌ఏ, ఎలిప్టిక్ కర్వ్ వంటి, కీ కుదుర్చుకోవడానికి వాడే పద్ధతులు. ఫైళ్లను దాచడానికి వాడే ఏఈఎస్-256 అనే పద్ధతికి ఆ భయం లేదు. చిక్కంతా రిపోర్టు మీ కంప్యూటర్ నుంచి క్లౌడ్‌కు వెళ్లే దారిలో ఉంది, ఎందుకంటే ఆ రెండూ రహస్య కీని (సమాచారాన్ని తెరిచే తాళంచెవి లాంటిది) కుదుర్చుకునేది చాలాచోట్ల ఇప్పటికీ ఎలిప్టిక్ కర్వ్ పద్ధతిలోనే. ఆ సంభాషణను ఈరోజు నకలు తీసి దాచుకున్నవారు, తగిన యంత్రం చేతికొచ్చిన రోజున దాన్ని విప్పి చదవగలరు. ఓటీపీ నిమిషాల్లో చెల్లిపోతుంది కనుక దానితో ఇబ్బంది లేదు. హెచ్‌ఐవీ పరీక్ష ఫలితం రోగి బతికినన్నాళ్లూ రహస్యంగా ఉండాల్సిందే, జన్యు పరీక్ష ఫలితమైతే పిల్లల గుట్టునూ బయటపెడుతుంది. కాబట్టి మీలాంటివారు బ్యాంకులకంటే ముందే మేలుకోవాలని నా అభిప్రాయం.

పరిష్కారం సిద్ధంగానే ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టు 13న విడుదల చేసిన, క్వాంటం కంప్యూటర్లకూ లొంగకుండా రూపొందించిన మూడు ప్రమాణాల్లో, కీ కుదుర్చుకోవడానికి ఉద్దేశించినది ఎంఎల్-కెమ్. డెస్క్‌టాప్ క్రోమ్ 2024 నుంచే దీన్ని పాత పద్ధతితో జోడించి వాడుతోంది. అవతలి సర్వర్ కూడా ఒప్పుకుంటేనే అది పనిచేస్తుంది. పాతదాన్ని వదలకపోవడానికి కారణముంది, కొత్త పద్ధతుల్లోనూ లోపాలు బయటపడవచ్చు: ఇలాంటి పద్ధతుల ఎంపికకు నిస్ట్ పెట్టిన పోటీలో నాలుగో విడత దాకా వచ్చిన ‘సైక్’ అనే పద్ధతిని 2022లో ఇద్దరు గణితవేత్తలు మామూలు కంప్యూటర్‌లోని ఒకే కోర్‌తో సుమారు గంటలో ఛేదించారు.

మీరు చేయాల్సింది, క్లౌడ్ కంపెనీతోనూ రిపోర్టుల సాఫ్ట్‌వేర్ ఇచ్చినవారితోనూ ఒప్పందం పొడిగించేటప్పుడు ఎంఎల్-కెమ్ ఎప్పటినుంచి ఇస్తారో రాతపూర్వకంగా అడగడం. పాత పద్ధతిలో 32 బైట్లుండే పబ్లిక్ కీ (కీ కుదుర్చుకునేటప్పుడు అవతలివైపుకు పంపేది), ఎంఎల్-కెమ్-768లో 1,184 బైట్లు అవుతుంది కనుక కొన్ని పాత ఫైర్‌వాల్‌లు కనెక్షన్‌ను తెంచేయవచ్చు. ముందుగా ఒక్క కంప్యూటర్‌లో పరీక్షించి చూడండి. ఇప్పటికే నకలైపోయిన సమాచారాన్ని ఈ మార్పు కాపాడజాలదు కాబట్టి, ఎంఎల్-కెమ్ వచ్చేవరకు జన్యు పరీక్షల రిపోర్టులను రోగి పేరు, ఫోన్ నంబరు లేకుండా కేవలం శాంపిల్ నంబరుతో పంపడం మంచిది.